టస్కీగీలో పుస్తకాల బండి

అట్లాంటా నుంచి ఐ-85 రహదారి పట్టుకుని నైరుతికి సాగితే గంటన్నరలో జార్జియా రాష్ట్రం అయిపోతుంది. చట్టహూచీ నది దగ్గర అలబామా మొదలు. అక్కడ గడియారం కూడా మారుతుంది, ప్రయాణికులకు ఒక గంట కలిసొస్తుంది. దారికి ఇరువైపులా పైన్ అడవి. రోడ్డు కోసం గుట్టను చెక్కిన చోటల్లా ఎర్రమట్టి. నేల కోతను ఆపడానికని ఒకప్పుడు రైతుల చేత నాటించిన కుడ్జు తీగ ఇప్పుడు చెట్లనీ, కరెంటు స్తంభాలనీ, వదిలేసిన ఇళ్లనీ కప్పేసి పాకుతోంది.

కారు నడుపుతున్నది మా మేనల్లుడు. వాడుండేది అట్లాంటా శివార్లలోని ఆల్ఫారెట్టాలో. అక్కడ మన కూరగాయల దుకాణాలు, గుడులు, పిల్లలకు తెలుగు నేర్పే ఆదివారపు తరగతులు అన్నీ ఉన్నాయి. ఇండియా నుంచి ఎవరొచ్చినా నయాగరా చూస్తారా, న్యూయార్క్ చూస్తారా అని అడగడం వాడి అలవాటు. నేను టస్కీగీ అన్నాను. "అక్కడేముందత్తా?" అన్నాడు. "ఒక లైబ్రేరియన్ పనిచేసిన ఆసుపత్రి" అన్నాను. వాడు ఇంకేమీ అడగకుండా ఆఫీసుకు సెలవు పెట్టాడు.

ఆ లైబ్రేరియన్ పేరు సేడీ పీటర్సన్ డిలేనీ. 1889లో న్యూయార్క్ రాష్ట్రంలోని రాచెస్టర్‌లో ఒక నల్లజాతి కుటుంబంలో పుట్టారు. 1920లో న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీలో చేరి, హార్లెంలోని 135వ వీధి శాఖలో పనిచేశారు. అక్కడికి వచ్చే చూపులేని పాఠకుల కోసం బ్రెయిలీ లిపి, దానితోపాటు మూన్ లిపి కూడా నేర్చుకున్నారు. 1924 జనవరిలో టస్కీగీలోని మాజీ సైనికుల ఆసుపత్రికి వచ్చారు. కొన్నాళ్లు పనిచేసి న్యూయార్క్ తిరిగి వెళ్లిపోవాలన్నది మొదటి ఆలోచన. 1958లో కన్నుమూసేదాకా అక్కడే ఉండిపోయారు. పుస్తకాలతో చేసే చికిత్సకు బిబ్లియోథెరపీ అన్న పేరును 1916లో అట్లాంటిక్ మంత్లీ పత్రికలో శామ్యూల్ క్రోదర్స్ వాడారు. ఆ పేరును వార్డులో, మంచం పక్కన, రోజువారీ పనిగా మార్చిన తొలి తరంలో డిలేనీ గారిది ముందు వరస. రోగిని బట్టి ఏరిన పుస్తకంతో చేసే వైద్యం అని ఆవిడ దాన్ని నిర్వచించారు. కళ్లు పోగొట్టుకున్న సైనికులకు కూడా ఆ వైద్యం అందాలని పట్టుబట్టారు.

నేను చాలా ఏళ్లు శాఖా గ్రంథాలయాల్లో పనిచేశాను. మా రిజిస్టర్లలో పాఠకుల వయసు, వృత్తి, చిరునామా రాసుకునేవాళ్లం. చూపు తగ్గి రావడం మానేసినవాళ్ల కోసం ఒక గడి ఉండేది కాదు. రోజూ పొద్దున్నే వచ్చి పేపరంతా చదివే పెద్దాయన ఒకరోజు నుంచి కనబడకపోతే, ఊరు మారారేమో అనుకునేవాళ్లం. వాళ్లలో ఎంతోమంది ఆ వీధిలోనే, నాలుగిళ్ల అవతలే, చదవడానికి వీల్లేక కూర్చుని ఉంటారని ఇప్పుడు అనిపిస్తుంది. అందుకే డిలేనీ గారి గురించి చదివినప్పుడు ఆవిడ నడిచిన నేల చూడాలనిపించింది.

టస్కీగీ చిన్న ఊరు. మధ్యలో కోర్టు, దాని చుట్టూ పాత దుకాణాలు, అక్కడి నుంచి కాస్త దూరంలో 1881లో బుకర్ టి. వాషింగ్టన్ మొదలుపెట్టిన విద్యాసంస్థ. భవనాల ఇటుకలు విద్యార్థులే కాల్చారు, గోడలు వాళ్లే కట్టారు. ఆవరణలో వాషింగ్టన్ కంచు విగ్రహం ఉంది, 1922లో ప్రతిష్ఠించారు. ఆయన నిలబడి, కింద ఒంగి కూర్చున్న మనిషి తల మీది ముసుగును చేత్తో పట్టుకుని ఉంటాడు. ఆ మనిషి ఒళ్లో తెరిచిన పుస్తకం. ముసుగు తీస్తున్నాడన్నది శిల్పి ఉద్దేశం. ఇక్కడే చదువుకున్న రాల్ఫ్ ఎలిసన్ తర్వాత తన నవలలో ఆ ముసుగు తీస్తున్నారా, ఇంకా గట్టిగా కప్పుతున్నారా అని అనుమానపడ్డాడు. విగ్రహం చుట్టూ తిరిగి చూస్తే రెండూ నిజమే అనిపించేలా ఉంది. చదువు చెప్పేవాడి చెయ్యి ఎక్కడ ఆగాలి, చదువుకునేవాడి చెయ్యి ఎక్కడ మొదలవాలి అన్న ప్రశ్న నన్ను ఆ రోజంతా వదల్లేదు.

ఇదే సంస్థలో పనిచేసిన వ్యవసాయ శాస్త్రవేత్త కార్వర్ పేరిట ఉన్న మ్యూజియంలో వేరుసెనగ పరిశోధనల సామగ్రి చూశాం. మా మేనల్లుడి తల్లిది అనంతపురం వైపు. వాడు వేరుసెనగ దగ్గర చాలాసేపే ఆగాడు. నాకు మాత్రం జెసప్ వ్యాగన్ కథ నచ్చింది. 1906లో కార్వర్ రూపకల్పన చేసిన గుర్రబ్బండి అది. బడికి రాలేని రైతుల దగ్గరికి విత్తనాలు, పనిముట్లు, పాఠాలు వేసుకుని ఊరూరా తిరిగింది. కృష్ణా డెల్టా కాలువల్లో 1935లో పాతూరి నాగభూషణం గారు నడిపిన పడవ గ్రంథాలయం గుర్తొచ్చింది. చదువరి రాలేకపోతే చదువే బయల్దేరి వెళ్లాలన్న బుద్ధి రెండు నేలల్లోనూ పుట్టింది. డిలేనీ గారి పుస్తకాల బండి కూడా ఆ దారిదే. అది ఆసుపత్రి వరండాల్లో మంచం నుంచి మంచానికి తిరిగింది.

మధ్యాహ్నం ఊళ్లోనే ఒక చిన్న హోటల్లో మొక్కజొన్న రొట్టె, ఆకుకూర, బెండకాయ వేపుడు తిన్నాం. బెండ ఈ దేశానికి ఆఫ్రికా నుంచి బానిసల ఓడల కాలంలో వచ్చింది. తర్వాత హాస్పిటల్ రోడ్డు పట్టాం.

ఆసుపత్రి ఇప్పటికీ మాజీ సైనికులకు వైద్యం చేస్తోంది. పచ్చిక మైదానాల మధ్య ఎర్ర ఇటుక భవనాలు, తెల్ల స్తంభాలు, పెద్ద చెట్లు. లోపల రోగులుంటారు కాబట్టి మేం వార్డుల వైపు పోలేదు. బయటి దారిలోనే నడిచాం. దీని పుట్టుక కథ తేలికైనది కాదు. మొదటి ప్రపంచ యుద్ధం నుంచి క్షయతో, గాయాలతో, చెదిరిన మనసులతో తిరిగొచ్చిన నల్లజాతి సైనికులను దక్షిణాది ఆసుపత్రులు సరిగా చేర్చుకోలేదు. వాళ్ల కోసం టస్కీగీ సంస్థ స్థలమిచ్చింది. 1923 ఫిబ్రవరి 12న, లింకన్ పుట్టినరోజున, అప్పటి ఉపాధ్యక్షుడు కాల్విన్ కూలిడ్జ్ వచ్చి ప్రారంభించారు. కానీ సిబ్బంది మాత్రం తెల్లవాళ్లే ఉండాలని స్థానిక పెద్దలు పట్టుపట్టారు. తెల్ల నర్సు నల్ల రోగిని తాకకూడదు కాబట్టి, ఆ తాకే పనికి నల్లజాతి ఆయాలను పెట్టే ఏర్పాటు కూడా చేయబోయారు. నల్ల డాక్టర్లు వస్తున్నారని తెలిసి జూలై 3న కు క్లక్స్ క్లాన్ ముసుగు మనుషులు ఊళ్లో ఊరేగింపు తీశారు. సంస్థ అధిపతి రాబర్ట్ మోటన్ బెదరలేదు. 1924కల్లా డాక్టర్ జోసెఫ్ వార్డ్ ఆసుపత్రికి తొలి నల్లజాతి అధిపతి అయ్యారు. బెదిరింపులు చల్లారీ చల్లారకముందే డిలేనీ గారు న్యూయార్క్ నుంచి వచ్చారు.

ఈ ఊరి పేరుకు అంటుకున్న ఇంకో కథ చెప్పకుండా ముందుకు పోలేను. 1932 నుంచి 1972 దాకా అమెరికా ప్రజారోగ్య శాఖ ఈ జిల్లాలోని పేద నల్లజాతి మగవాళ్ల మీద సిఫిలిస్ అధ్యయనం నడిపింది. 399 మంది రోగులకు జబ్బేమిటో చెప్పలేదు, పెన్సిలిన్ వచ్చాక కూడా ఇవ్వలేదు. ముదిరితే చూపును కూడా తీసేసే జబ్బది. అది ప్రధానంగా జరిగింది ఈ సైనికుల ఆసుపత్రిలో కాదు. కానీ అదే ఊళ్లో, అవే సంవత్సరాల్లో. ఒకచోట మనుషులను లెక్కల పుస్తకంలో అంకెలుగా రాసుకుంటుంటే, మైలు రెండు మైళ్ల దూరంలో ఒక లైబ్రేరియన్ ఒక్కొక్క మనిషి పక్కన కూర్చుని ఏం పని చేసేవాడివి, నీకేం ఇష్టం, ఇంటి దగ్గర ఎవరున్నారు అని అడుగుతోంది. ఆవిడ విధానం మొత్తం ఆ అడగడంలోనే ఉంది.

ఆవిడ వచ్చేసరికి ఒక చిన్న గది, 200 పుస్తకాలు. ఏడాది తిరిగేసరికి 4,000 పుస్తకాలు, వెలుతురున్న పెద్ద గది. కిటికీల్లో మొక్కలు, గోడల మీద పటాలు, బల్లల మీద పూలు పెట్టించారు. నడవగలిగినవాళ్లు వచ్చి కూర్చునేవారు. లేవలేనివాళ్ల దగ్గరికి బండి వెళ్లేది. పుస్తకం పట్టుకోలేనివాళ్ల కోసం పేజీలను యంత్రంతో గోడ మీదా కప్పు మీదా పెద్దగా పడేలా చేశారు. ఆసుపత్రి రేడియోలో పుస్తకాల గురించి మాట్లాడేవారు. రోగుల సాహిత్య సంఘం పెట్టించి చర్చలు జరిపించారు. తపాలా బిళ్లలు సేకరించేవాళ్లకు ఒక సంఘం, పుస్తకాలు కుట్టి అట్టలు వేయడం నేర్చుకునేవాళ్లకు ఒక బల్ల. డాక్టర్లతో, మానసిక వైద్యులతో కూర్చుని ఎవరి పరిస్థితి ఎలా ఉందో మాట్లాడి, దాన్నిబట్టి పుస్తకం ఎంచేవారు. నల్లజాతి రచయితల పుస్తకాలు, ఆ జాతి చరిత్ర పుస్తకాలు పట్టుబట్టి తెప్పించారు. దక్షిణాదిలో చాలా ఊళ్ల గ్రంథాలయాలు నల్లవాళ్లను గుమ్మం తొక్కనివ్వని కాలం అది. తన మనుషులు గౌరవంగా కనిపించే పుస్తకాన్ని ఆ సైనికుల్లో ఎంతమంది మొదటిసారి ఇక్కడే చూసి ఉంటారో.

1934లో చూపులేనివాళ్ల కోసం ప్రత్యేక విభాగం మొదలుపెట్టారు. అమెరికాలో గ్రామఫోన్ పలకల మీద మాట్లాడే పుస్తకాలు బయటికొచ్చిన ఏడాది కూడా అదే. 1931లో అమెరికా పార్లమెంటు అంధులైన పెద్దవాళ్ల పుస్తకాల కోసం ఏడాదికి లక్ష డాలర్లు కేటాయిస్తూ చట్టం చేసింది, ఆ డబ్బుతో ఇవి తయారయ్యాయి. వినే పుస్తకం చేతికొచ్చినా డిలేనీ గారు వేలితో చదివే పుస్తకాన్ని వదల్లేదు. తనే పక్కన కూర్చుని బ్రెయిలీ నేర్పారు.

ఈ నేర్పడం ఎంత కష్టమో బయటివాళ్లకు తెలియదు. పసితనంలో బ్రెయిలీ నేర్చుకున్న వేలు వేరు, నలభై ఏళ్లు నాగలి పట్టి, తుపాకీ పట్టి, కాయలు కాసిన వేలు వేరు. మొదటి వారాల్లో ఆ వేలికి చుక్కలన్నీ చల్లిన ఇసుకలా తగులుతాయి. ఎక్కడ ఒక అక్షరం ఆగి ఇంకొకటి మొదలైందో అందదు. చుక్కకూ చుక్కకూ మధ్య దూరం రెండున్నర మిల్లీమీటర్లే. గట్టిగా నొక్కితే తెలుస్తుందేమో అని నొక్కుతారు, నొక్కితే ఇంకా తెలియదు. తేలిగ్గా, ఆగకుండా, ఎడమ నుంచి కుడికి జరగాలి. ఆ తేలికదనం మాటలతో చెబితే రాదు. నేర్పేవాళ్లు తమ చేతిని నేర్చుకునేవాళ్ల చేతి మీద వేసి కలిసి జరపాలి. ఇంగ్లండులో విలియం మూన్ 1845లో తయారుచేసిన లిపి ఇలాంటివాళ్లకే ఉపయోగపడింది. అందులో అక్షరాలు మామూలు రోమన్ అక్షరాల ఆకారాన్నే కొంత తగ్గించి ఉబ్బెత్తుగా అచ్చేసినవి కాబట్టి, ఒకప్పుడు కళ్లతో చదివినవాళ్లకు పాత జ్ఞాపకం తోడొస్తుంది. డిలేనీ గారు రెండు లిపులూ నేర్చుకోవడం వెనక ఉన్న ఆలోచన ఇదే అయి ఉంటుంది.

తెలుగులో నడివయసు దాటి చూపు పోయినవాళ్లకు ఆ తోడు లేదు. 1951లో రూపుదిద్దుకున్న భారతీ బ్రెయిలీలో తెలుగు అక్షరాలకు వాటి పాత వంపులతో ఏ పోలికా ఉండదు. ఒత్తు కిందికి పోదు, గుణింతపు గుర్తు పైకి పోదు, అన్నీ ఒకే వరసలో వస్తాయి. అమ్మ అని రాయాలంటే అ, తర్వాత పొల్లును సూచించే ఒక చుక్క, తర్వాత మ, మళ్లీ మ. కళ్లతో ఏభై ఏళ్లు చదివిన మనిషికి ఇది కొత్త లెక్క. దీనికితోడు మన దగ్గర చాలామందికి చూపు తీసేది మధుమేహం. అదే మధుమేహం వేలి కొసల స్పర్శనూ తగ్గిస్తుంది. కంటికి బదులు వేలు అనుకుంటే, వేలూ సహకరించదు. అలాంటివాళ్లకు మిగిలేది చెవి, ఇంకొక మనిషి గొంతు.

హైదరాబాద్‌లో నేను చదివి పెట్టే ఒక మాస్టారు ఉన్నారు. తెలుగు పండితులుగా పనిచేసి రిటైరయ్యారు. ఆయనకు కంటిలోపలి తెర మధ్యభాగం, డాక్టర్లు మాక్యులా అంటారే, అది దెబ్బతింది. గదంతా కనిపిస్తుంది, చూద్దామనుకున్నది మాత్రం కనిపించదు. గుమ్మంలో ఎవరో నిలబడ్డారని తెలుస్తుంది, ముఖం ఉండాల్సిన చోట మసక. పుస్తకం కనిపిస్తుంది, అక్షరం కనిపించదు. ఇలాంటి చూపున్నవాళ్లకు చదువును మళ్లీ నేర్పే పద్ధతి ఒకటుంది. హైదరాబాద్‌లో ఎల్.వి.ప్రసాద్ కంటి ఆసుపత్రి లాంటి చోట్ల చూపు తగ్గినవాళ్ల పునరావాసానికి ప్రత్యేక విభాగాలున్నాయి. అక్షరం వైపు సూటిగా చూడకుండా, కాస్త పైకో పక్కకో చూడమంటారు. అప్పుడు అక్షరం బొమ్మ చెడిపోని భాగం మీద పడుతుంది. ఎటు చూస్తే బాగా అందుతుందో గడియారపు అంకెలతో గుర్తు పెట్టుకోమంటారు, కొందరికి పన్నెండు, కొందరికి మూడు. ఆ తర్వాత కన్ను కదపకుండా కాగితాన్నే జరపాలి. మొదట పెద్ద అక్షరంలో ఒక్క మాట, తర్వాత రెండు, తర్వాత ఒక వరస. పక్కన ఒకరు కూర్చుని, చూపు పాత అలవాటు కొద్దీ మధ్యకు జారినప్పుడల్లా చెబుతుండాలి. తెలుగుకు ఇందులో సొంత చిక్కులున్నాయి. ప, వ, ష, మ మసకలో ఒకదానిలా ఒకటి ఉంటాయి. ఒత్తులు కింది వరస తలకట్టును తాకుతాయి. అక్షరం పెద్దది చేస్తే చాలదు, వరసల మధ్య ఎడం పెంచాలి. మన ప్రచురణకర్తలు పెద్దవాళ్ల కోసం పుస్తకం వేస్తున్నామన్నప్పుడు ఈ ఎడం గురించి ఆలోచిస్తే ఎంత మేలో.

మాస్టారు ఆ సాధన కొన్నాళ్లు చేసి, ఉత్తరాలు, మందు సీసా మీది పేర్లు, బస్సు నంబర్లు చదువుకునేదాకా వచ్చారు. పుస్తకం మాత్రం అందలేదు. పేజీ తిరిగేలోపే అలసట. అప్పుడు నేను వెళ్లడం మొదలైంది. మొదట్లో ఆయనకు నేను చదవడం ఇష్టముండేది కాదు. జీవితమంతా ఇతరులకు చదివి వినిపించిన మనిషి, ఇప్పుడు వినాల్సి రావడం ఆయనకు కష్టం. పేపరు హెడ్డింగులు చాలనేవారు. చాలా రోజుల తర్వాత ఒకసారి, సంపాదకీయం మధ్యలో, "ఆగమ్మా, ఆ వాక్యం మళ్లీ చదువు" అన్నారు. మళ్లీ చదివాను. "ఇది తప్పు" అన్నారు. ఆ సాయంత్రం ఆయన ఆ సంపాదకీయంతో గంటసేపు వాదించారు. ఆ వారమే తన పాత శిష్యుడికి ఫోన్ చేసి ఆ వాదన కొనసాగించారట. వాళ్లావిడ నాతో, "ఇంట్లో ఆయన గొంతు మళ్లీ వినపడుతోంది" అన్నారు.

పక్కన కూర్చుని చదివేవాళ్లకు కొన్ని పద్ధతులుంటాయి. అవి నాకు మాస్టారే నేర్పారు. అర్థం చెప్పకు, చదువు. నటించకు, నాటకంలో అయినా సరే. పేజీ సంఖ్య చెప్పు, మనం పుస్తకంలో ఎక్కడున్నామో నాకు తెలియాలి. నాకు బాధ కలుగుతుందని ఏ పేరా దాటవేయకు. అట్ట మీద బొమ్మ ఏముందో చెప్పు. నేను నిద్రపోయానని నీకనిపిస్తే అడుగు, నువ్వే ఆపేయకు. ఈ చివరి మాట వెనక చాలా ఉంది. కళ్లున్న చదువరి ఎక్కడ ఆగాలో తనే తేల్చుకుంటాడు. వినే చదువరికి ఆ హక్కు తోడున్న మనిషి చేతిలో ఉంటుంది. ఆ హక్కును అడిగి అడిగి తిరిగి ఇస్తూ ఉండాలి. లేకపోతే అది చదవడం కాదు, ఒకరు మాట్లాడుతుంటే ఒకరు భరించడం. టస్కీగీ విగ్రహం దగ్గర నన్ను పట్టుకున్న ప్రశ్నకు నాకు దొరికిన జవాబు మాస్టారి గదిలోదే.

పుస్తకం ఎంచడంలోనూ జాగ్రత్త కావాలి. కరోలిన్ ష్రోడ్స్ అనే పరిశోధకురాలు 1949లో పుస్తక చికిత్స ఎలా పనిచేస్తుందో వివరించారు. చదువరి పాత్రలో తనను చూసుకుంటాడు, మనసు బరువు దిగుతుంది, ఆ తర్వాత తన పరిస్థితి తనకు అర్థమవుతుంది. చూపులేనివాళ్ల విషయంలో మొదటి మెట్టు దగ్గరే చిక్కు. మన కథల్లో, సినిమాల్లో చూపులేని మనిషి ఎవరు? జాలిపడాల్సిన చెల్లెలు, దారి పక్క భిక్షగాడు, లేదా లోకజ్ఞానమంతా ఉన్న ముని. చివర్లో ఆపరేషన్ జరిగి కట్టు విప్పగానే చూపొస్తుంది, అదే సుఖాంతం. చూపు ఎప్పటికీ రాదని డాక్టరు చెప్పేసిన మనిషికి అలాంటి కథ చదివి వినిపిస్తే ఏం చెప్పినట్టు? నువ్వు ఉన్నట్టుగా ఉంటే నీ కథ ముగియలేదు అని. నేను అలాంటి కథలు పక్కన పెడతాను. చూపు గురించి ఒక్క ముక్కా లేని, మాస్టారికి ఇష్టమైన వాదాలూ వ్యాకరణాలూ ఊళ్ల చరిత్రలూ చదువుతాను. డిలేనీ గారు కూడా కళ్లు పోయిన సైనికుణ్ణి ముందు సైనికుడిగా, రైతుగా, తండ్రిగా చూశారనే నా నమ్మకం. తపాలా బిళ్లల సంఘం పెట్టడానికి మరేం కారణం ఉంటుంది?

ఆవిడ దగ్గర ఈ పని నేర్చుకోవడానికి ఇల్లినాయ్, నార్త్ కరోలినా, అట్లాంటా గ్రంథాలయ విద్యాలయాలు విద్యార్థులను పంపాయి. 1950లో అట్లాంటా విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. ఆ రోజు మేం ఆసుపత్రి దారిలో నడుస్తుండగా, చక్రాల కుర్చీలో ఒక పెద్దాయన కనిపించారు, ఆయన పక్కన బెంచీ మీద ఒక అమ్మాయి కూర్చుని ఫోన్‌లో ఏదో చదివి వినిపిస్తోంది. అది ఆటల వార్త. ఆయన తల అడ్డంగా ఊపి, ఆమె చెప్పిన స్కోరు ఒప్పుకోవడం లేదు.

అక్కడి నుంచి పడమరగా నలభై మైళ్లు పోతే మాంట్‌గొమరీ, రాష్ట్ర రాజధాని. అలబామా అంధుల ప్రాంతీయ గ్రంథాలయం ఉన్నది అక్కడే. ఈ గ్రంథాలయాలకు చదువరి రానక్కర్లేదు, పుస్తకమే తపాలాలో ఇంటికి వెళ్తుంది. చిన్న ప్లాస్టిక్ పెట్టె, లోపల మాట్లాడే పుస్తకం నింపిన కార్ట్రిడ్జ్. వినడం అయ్యాక పెట్టె మీది చిరునామా కార్డును తిరగేస్తే, వెనకవైపు గ్రంథాలయం చిరునామా ఉంటుంది. తపాలా ఖర్చు లేదు. అమెరికాలో ఇది 1904 నుంచి ఉన్న సౌకర్యం. మన తపాలా శాఖ కూడా అంధుల సాహిత్యం కట్టలను ఏడు కిలోల దాకా ఉచితంగా చేరవేస్తుంది. ఈ సంగతి మన పోస్టాఫీసుల్లో అడిగేవాళ్లు తక్కువ.

తెలుగు చదువరికి చట్టం అడ్డు కాదు. 2012లో మన కాపీరైట్ చట్టాన్ని సవరించి, వైకల్యమున్నవాళ్లు చదువుకోగలిగే రూపంలోకి పుస్తకాన్ని మార్చడానికి అనుమతి ఇచ్చారు. 2013లో చూపులేనివాళ్లకు చదవగలిగే రూపంలో పుస్తకాలు అందేందుకు దేశాల మధ్య మర్రకేష్ ఒప్పందం కుదిరింది, 2014లో దాన్ని అందరికంటే ముందు ఆమోదించిన దేశం మనదే. 2016లో సుగమ్య పుస్తకాలయ అనే ఆన్‌లైన్ గ్రంథాలయం వచ్చింది. ఫోన్ తెలుగు చదివి వినిపిస్తుంది. చూపులేని కుర్రవాళ్లు ఆ యంత్రపు గొంతును రెండింతల వేగంతో విని పరీక్షలు రాసి ఉద్యోగాలు తెచ్చుకుంటున్నారు. వాళ్లకు నా గొంతుతో పనిలేదు, ఉండకూడదు కూడా. కానీ అరవై ఏళ్ల వయసులో చూపు జారిపోతున్న మనిషికి యంత్రం ఇచ్చి వెళ్లిపోతే, అది బల్ల మీదే ఉండిపోతుంది. నువ్వేం చదవాలనుకుంటున్నావని ఎవరో అడగాలి. చదివాక నీకేమనిపించిందని అడగాలి. ఆ తర్వాతే యంత్రం అతని చేతికి పనికొస్తుంది. మన ప్రతి శాఖా గ్రంథాలయంలో వారానికి ఒక పూట, ఒక మనిషి, తలుపేసుకోగల ఒక చిన్న గది. దీనికి కొత్త భవనాలు అక్కర్లేదు. నేను పనిచేసిన శాఖల్లో పాత పత్రికల కట్టలు పెట్టే గది ఒకటి ఎప్పుడూ ఉండేది, అది చాలు.

తిరుగు దారిలో మేనల్లుడు చాలాసేపు మాట్లాడలేదు. ఆబర్న్ దాటాక అడిగాడు, "అత్తా, మూడొందల పేజీల పుస్తకం చదివి రికార్డు చేయాలంటే ఎంతసేపు పడుతుంది?" తెలుగులో గంటకు పాతిక ముప్పై పేజీలు పోతాయి, అంటే పది పన్నెండు గంటలు, తప్పులు దిద్దడానికి ఇంకా కొన్ని అన్నాను. వాడు రోజూ ఆఫీసుకు కారులో పోయే టైము లెక్కవేశాడు. కారులో కాదు, ఫ్యాన్ కట్టేసిన గదిలో చదవాలని చెప్పాను. "ఏ పుస్తకం?" అన్నాడు. నాకు నాలుగైదు పేర్లు నోటిదాకా వచ్చాయి. చెప్పలేదు. మాస్టారిని అడుగుదామన్నాను.

ఇల్లు చేరి భోంచేసేసరికి రాత్రి తొమ్మిదిన్నర, హైదరాబాద్‌లో తెల్లవారి ఏడు. మాస్టారు కాఫీ తాగుతున్నారు. సంగతంతా చెప్పి ఫోన్ వాడికిచ్చాను. నమస్కారమండీ, మీకోసం ఒక పుస్తకం చదివి పంపిస్తాను, ఏది కావాలో చెప్పండి అన్నాడు. మాస్టారు ఏ పుస్తకం పేరూ చెప్పలేదు. ఏ ఊళ్లో పుట్టావు, పదో తరగతి దాకా ఏ మీడియం, తెలుగు చెప్పింది ఎవరు అని ఆరా తీశారు. తర్వాత స్పీకర్లో గట్టిగా వినపడింది.

"ముందు ఇవాళ్టి పేపర్లో సంపాదకీయం చదివి పంపు నాయనా, విని చూస్తాను. పుస్తకం సంగతి తర్వాత. శ, ష, స మూడూ నాకు విడివిడిగా వినపడాలి."